లాభం, రెండు, మూడు

మూతిగుడ్డకు నాలుగు తాళ్లు. పై రెండూ చెవుల మీదుగా పోయి తల వెనక ముడిపడతాయి, కింది రెండూ మెడ మీద. దరియావలి పైముడి వేసుకొని, కింది తాళ్లను వేళ్ల సందున పట్టుకొని, ఆ పొద్దుటి నాలుగో ఇంటి గడప ముందు నిలబడిపోయాడు. పొడుగాటి మనిషి. నలభైయారేళ్లకే వీపు ముందుకు వంగింది. చిన్నప్పటి నుంచీ కళ్లాల్లో వంగి ధాన్యం కొలిచిన వీపు అది. అరచేతులు చేటలంత వెడల్పు. అంతటి చేతులూ ఆ రెండు తాళ్ల దగ్గరకొచ్చేసరికి వణుకుతాయి.

ఇంట్లో సామానంతా బయట ఇసకలో ఉంది. చాపలు, కుండలు, వలలు, ఎండుచేపల బుట్ట, పిల్లదాని ఉయ్యాల గుడ్డ, ఆకాశంలోకి చూస్తున్న అద్దం. సామాను తీసేసిన ఇల్లు ఇల్లులాగా ఉండదు. మనుషులు వదిలేసి ఎన్నో ఏళ్లయినట్టు ఉంటుంది, లోపల ఇంకెవరో కాపురం పెట్టినట్టు ఉంటుంది. దగ్గితే మన దగ్గు మనకే తిరిగొస్తుంది.

"కట్టుకో వలీ అన్నా," అన్నాడు తిమోతి, మందుబకెట్టులో పంపు దించి దాన్ని కాలితో తొక్కిపట్టుకుంటూ. "నేనీడనే ఉండాను గదా."

దరియావలి కళ్లు మూసుకొని కిందిముడి వేశాడు. మనసులో బిస్మిల్లా అనుకున్నాడు. పంపు నుంచి వచ్చే రబ్బరు గొట్టాన్ని వెనక ఈడ్చుకుంటూ, దాని చివరనున్న ఇత్తడి చిమ్ముడుగొట్టాన్ని ముందు పట్టుకొని చీకట్లోకి అడుగుపెట్టాడు. కాసేపటికి లోపలి నుంచి ఆయన గొంతు, గుడ్డలో మూటకట్టినట్టు వచ్చింది.

"లాభం."

"లాభం," అన్నాడు తిమోతి బయట పంపు కొడుతూ.

"రెండు."

"రెండు."

ధాన్యం కొలిచేవాళ్లు ఒకటి అనరు. మొదటి కుంచం పోస్తూ లాభం అంటారు, ఆ తర్వాతే రెండూ మూడూ. కొలిచేవాడు అన్న అంకెను ఎదుట నిలబడినవాడు మళ్లీ అనాలి. అంటేనే ఆ కుంచం చెల్లినట్టు, అప్పుడే తర్వాతి కుంచం. ఇరవై అయితే మళ్లీ మొదటికి. దరియావలి ఇప్పుడు కొలిచేది ధాన్యం కాదు, ఊపిరి. ఒక ఊపిరికి ఒక కుంచం. బయట నుంచి తిమోతి జవాబు వినపడ్డాకనే ఇంకో ఊపిరి. అట్లా కొలుచుకుంటూ నాలుగు గోడలకూ, ఇంటి కప్పు లోపలివైపుకూ దోమలమందు కొట్టి, బయటికొచ్చి గుడ్డ లాగేసి, ఇసకలో చతికిలబడేవాడు. మొహం నిండా చెమట. పెదవులు నీలంగా ఉండేవి.

మలేరియా మందు కొట్టడం మొదలై అప్పటికి మూడేళ్లయింది. పందొమ్మిదివందల అరవయ్యొకటి, సముద్రం గాలి ఉప్పగా మారే వేసవి చివరి రోజులు. మొదట్లో మూతికి తువ్వాలు చుట్టుకొని పోతే అడిగేవాళ్లు లేరు. దరియావలి ఆ తువ్వాలునూ ముక్కు కిందికి జారవిడిచేవాడు. ఎక్కడో ఇద్దరు పనివాళ్లు జబ్బుపడ్డాక, కట్లుకట్టే గాజుగుడ్డ నాలుగు మడతలు వేసి కుట్టిన ఈ మూతిగుడ్డలు వచ్చాయి. గోడకు తగిలిన మందు ఆరి తెల్లగా పొడిగడుతుంది. బల్లులు రాలిపడతాయి, ఇంటి పిల్లి రెండురోజులు అన్నం ముట్టదు. అలాంటిది మనిషి ముక్కులోకి పోతే మంచిదా? గుడ్డ కట్టుకోమనడంలో తప్పేం లేదు. దరియావలికీ ఆ సంగతి తెలుసు. తెలిస్తే సరిపోతుందా, రొమ్ము వినాలి గదా.

ముడి పడగానే ముందు చెవుల్లో గాలి మూసుకుపోతుంది. తర్వాత తన ఊపిరే వేడిగా, తడిగా తన మొహం మీదికి తిరిగొస్తుంది. అది తనది కాదనిపిస్తుంది. ఎవరో దగ్గరగా నిలబడి మొహంలో మొహం పెట్టి ఊదుతున్నట్టు ఉంటుంది. ఇక గుండె దడదడలాడుతుంది, వేళ్లు మొద్దుబారతాయి, ఇప్పుడే ఇక్కడే పోతాననిపిస్తుంది. బయటికి పరుగెత్తాలి.

ఆరేళ్లప్పుడు ధాన్యం నిలవచేసే గరిసెలో పడ్డాడు. అల్లూరులో ఒక పెద్దరైతు ఇంట్లో, మనిషికి రెండింతల ఎత్తు గరిసె. పైనుంచి తొంగిచూస్తూ జారి లోపలికి పోయాడు, పక్కనున్న ధాన్యం కుప్పగా మీదికి జారింది. కళ్లలో, చెవుల్లో, నోట్లో ఊక. అరవడానికి నోరు తెరిస్తే ధాన్యం నిండింది. అప్పుడు గరిసె గోడకు అవతల ఆయన తండ్రి బడేసాహెబ్ ధాన్యం కొలుస్తున్నాడు. లోపల పిల్లవాడున్నాడని ఆయనకు తెలియదు. లాభం... రెండు... మూడు... సాగదీసిన ఆ గొంతు మట్టిగోడలోంచి వినబడుతూ ఉంటే, పిల్లవాడు ఆ అంకెల ప్రకారం చిన్నచిన్న ఊపిర్లు తీసుకుంటూ బతికాడు. ఎవరో పైనుంచి చూసి బయటికి లాగేసరికి పద్నాలుగో కుంచం నడుస్తోందట. తర్వాత ఆయనా తండ్రితో కళ్లాలు తిరిగాడు, తండ్రి పోయాక ఆ కుంచం పట్టాడు, ఇందుకూరుపేటలో కాపురం పెట్టాడు. ఆయన కొలత అంటే రైతు ఎదురుమాట అనేవాడు కాదు. తర్వాత మిల్లుల్లో కాటాలు వచ్చాయి. ఇనుప బిళ్లలు వేసి తూచే చోట సాగదీసి లాభం అనేవాడితో పనేముంది? రెండేళ్లు ఖాళీగా ఉండి, చివరికి ఈ మందు కొట్టే పనిలో చేరాడు.

గుడ్డతో వేగలేక ఎన్నో చేసిచూశాడు. భార్య సుల్తాన్‌బీ గుడ్డ మడతలో మరువం పెట్టి కుట్టింది. ఆ వాసనకు ఇంకా ఊపిరాడలేదు. కర్పూరం రాసింది, కళ్లు మండాయి. రాత్రుళ్లు ఇంట్లో కట్టుకొని అలవాటు చేసుకోబోయాడు. ఆమె పక్కన కూర్చొని చెయ్యి పట్టుకుంటే, నూరు లెక్కపెట్టేంతసేపు కూడా ఉంచుకోలేకపోయాడు.

"విప్పెయ్ అయ్యా, చూడలేకుండా ఉండా. ఈ పని గాకపోతే ఇంకో పని," అన్నది ఆమె.

"ఇంకో పని యాడుండాది సుల్తానా," అన్నాడు ఆయన.

ఒకరోజు ఒక ఇంట్లోంచి గుడ్డ చించుకుంటూ బయటపడి ఇసకలో బోర్లాపడ్డాడు. మందు మింగినాడేమోనని తిమోతి చన్నీళ్లు కుమ్మరించాడు. అప్పుడు సిగ్గుపడుతూ తిమోతికి గరిసె సంగతి చెప్పాడు. తిమోతి క్రైస్తవుడు, ముప్పయ్యేళ్లవాడు, ఎగతాళి మనిషి. ఆ ఒక్కసారి మాత్రం ఎగతాళి చెయ్యలేదు. "నువ్వు లోపల కొలువన్నా, నేను బయట ఒప్పుకుంటా," అన్నాడు. అదే మంత్రంలా పనిచేసింది. అప్పటి నుంచీ రెండు నెలలుగా అదే నడుస్తోంది.

ఆ రోజు మాత్రం కష్టమైన రోజు. కిందటి వారం ఇన్‌స్పెక్టరు సంజీవరావు చెప్పాపెట్టకుండా వచ్చి, తిమోతి మందుకు నీళ్లు తేవడానికి పోయిన వేళ దరియావలిని మూతిగుడ్డ గడ్డం మీద ఉండగా చూశాడు. "మళ్లీ వారం వస్తాను. ఒక ఇల్లు మొదలు నుంచి చివరిదాకా గుడ్డ తియ్యకుండా కొట్టి చూపించు. చూపించలేకపోతే నిన్ను పంపించేసి ఇంకొకరిని పెట్టుకుంటాను. నీ ప్రాణం కోసమే చెబుతున్నా," అన్నాడు. ఆ వారం ఆ రోజుతో అయిపోయింది.

మధ్యాహ్నం ఆ చేపలవాళ్ల పాలెం పక్కన సరుగుడు తోపులో కూర్చొని సద్దిమూటలు విప్పారు. సముద్రం కనబడదు, చెట్లలోంచి వచ్చే హోరు మాత్రం వినబడుతుంది. తిమోతి గబగబా తిన్నాడు. దరియావలి ముద్దను వేళ్లతో పిసుకుతున్నాడు.

"ఏందన్నా, సంగటికి కూడా మందు కొడతావా ఏంది, అట్ట చూస్తుండావు?"

"ఆకలి లేదబ్బయా."

"సారు వొస్తే వొస్తాడు. గుమ్మం కాడ నిలబడతాడు, చూస్తాడు, పోతాడు. నేను గట్టిగా ఒప్పుకుంటా. నా గొంతు మా చర్చిలో పాటకే అందరికంటే పైనుంటాది, తెల్సు గదా."

దరియావలి నవ్వాడు. తర్వాత పాలెం వైపు చూశాడు. "తిమోతీ, పొద్దున ఆ రెండో ఇంట్లో, నువ్వు రెండుసార్లు ఒప్పుకున్నావా?"

"ఎప్పుడూ?"

"తొమ్మిది కాడ. నువ్వు తొమ్మిదన్నాక ఇంకోసారి తొమ్మిది అని వినబడింది. మూల కాడ్నుంచి."

"గోడ పలికుంటాదిలే అన్నా. ఒట్టి ఇల్లు గదా."

"గోడే అయుంటాది," అన్నాడు దరియావలి. ముద్ద తినకుండానే మూట కట్టేశాడు.

సంజీవరావు సైకిలు తొక్కుకుంటూ రెండుగంటల వేళకు వచ్చాడు. చొక్కా అంతా తడిసిపోయింది. చెడ్డవాడు కాడు, ఆయన పై అధికారి ఆయన్ను తిడతాడు, ఈయన వీళ్లను తిడతాడు. సంచిలోంచి ఇంకో మూతిగుడ్డ తీసి తిమోతి చేతిలో పెట్టాడు.

"ఇక నుంచి పంపు కొట్టేవాడు కూడా కట్టుకోవాలి. బకెట్టు నుంచి లేచే గాలి ఎవరికి పోతుంది? నీకే. నోరు తెరవకూడదు. మాటలు, పాటలు ఏమీ వద్దు."

తిమోతి దరియావలి మొహం చూశాడు. "సార్, మేము లెక్కబెట్టుకుంటా కొడతాం సార్. అలవాటు."

"లెక్కలేంటయ్యా? వడ్లు కొలుస్తున్నారా, మందు కొడుతున్నారా? గమ్మున కొట్టు. నోరు తెరిచావంటే నువ్వూ ఇంటికే."

తిమోతికి ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు. గుడ్డ కట్టుకున్నాడు. కట్టుకున్నాక ఒక్కసారి తల విదిల్చాడు, ఈగ వాలినట్టు.

ఆ ఇల్లు పోలేరయ్యది. పాలెం చివర, ఇసకమిట్ట పక్కన. మట్టిగోడలు, తాటాకు కప్పు, ఒకే గది, కిటికీ లేదు. పోలేరయ్య, ఆయన భార్య సామానంతా బయట పెట్టి, సరుగుడు నీడన నిలబడ్డారు. పాలెం పిల్లలు దూరం నుంచి, "నోరులేనోళ్లు వొచ్చినారే, నోరులేనోళ్లు!" అని అరిచి ఇసకమిట్ట వెనక దాక్కున్నారు.

"అన్నీ తీసేశారా?" అన్నాడు సంజీవరావు.

"ఒక్క బల్ల ఉండాది సార్. అది రాదు. గాలివాన్లో ఓడచెక్క కొట్టుకొస్తే మా నాయన దాన్ని ఈడ బల్ల చేసి, దాని చుట్టూ గోడలు లేపినాడు. ఇల్లు పగలగొడితే గానీ బల్ల బయటికి రాదు," అని నవ్వాడు పోలేరయ్య.

దరియావలి గడప ముందు నిలబడ్డాడు. పైముడి వేశాడు. కింది తాళ్లు పట్టుకొని తిమోతిని చూశాడు. తిమోతి గుడ్డ పైన కళ్లు మాత్రమే ఉన్నాయి, ఆ కళ్లు కిందికి వాలిపోయాయి. దరియావలి ముడి వేసుకున్నాడు, లోపలికి పోయాడు.

చీకటి. గడప దగ్గర పడిన వెలుగులో ఇన్‌స్పెక్టరు నీడ, తల ఇంటి మధ్యదాకా. ఎడమవైపు వెనక మూల గోడకు ఆనించి పొడుగాటి నల్లటి బల్ల. గొట్టం మీట తిప్పాడు, మందు సన్నని తుంపరగా కుడిగోడ మీద పడింది.

"లాభం," అన్నాడు.

బయట పంపు చప్పుడు. అంతే.

జవాబు లేకుండా రెండుకు పోకూడదు. "లాభం," అన్నాడు మళ్లీ. ఊపిరి వేడిగా మొహం మీదికి తిరిగొచ్చింది. గుడ్డ లోపలికి అంటుకుంటోంది, వదులుతోంది, మళ్లీ అంటుకుంటోంది. మందు వాసనలోంచి ఊక వాసన వచ్చింది. ఎక్కడా ధాన్యం గింజ లేని ఆ ఇంట్లో ఊక వాసన. నాలిక మీద గింజలు. రొమ్ములో ఎవరో పిడికిలి బిగించారు. చెయ్యి దానంతట అదే పైకి లేచి మెడ మీది ముడిని పట్టుకుంది. లాగితే చాలు, గాలి. లాగితే గడప మీద ఆ నీడ చూస్తుంది. లాగితే ఇంటికి పోయి సుల్తాన్‌బీ ముందు ఏ మొహంతో కూర్చోవాలి?

"లాభం," అన్నాడు మూడోసారి. ఆ మాట ఆయనకే సరిగా వినబడలేదు.

"లాభం."

మూల నుంచి. మెల్లగా, చివర సాగదీసి, తొందర లేని మనిషి అన్నట్టు. గుడ్డలోంచి వచ్చిన గొంతు కాదు అది.

దరియావలి అటు తిరగలేదు. చెయ్యి ముడి మీది నుంచి కిందికి దిగింది. "రెండు."

"రెండు."

రొమ్ములో పిడికిలి వదులైంది. గుడ్డలోంచి చల్లటి గాలి వచ్చింది, తూర్పార పట్టేటప్పుడు కళ్లంలో తగిలే గాలిలాంటిది. మూడు. నాలుగు. గొట్టాన్ని పైనుంచి కిందికి, కింది నుంచి పైకి, జాన దూరం కూడా వదలకుండా నడిపాడు. మూడేళ్లలో ఏ ఇంటికీ అంత పొందిగ్గా కొట్టలేదు. ఇరవై అయి మళ్లీ లాభం వచ్చేసరికి కుడిగోడ అయింది. ఎదురుగోడ అయింది. బల్ల పైగోడకు కొట్టేటప్పుడు కూడా తల తిప్పి చూడలేదు. తుంపర బల్ల మీద సన్నగా వాలుతోంది. చూడాల్సిన పనేముంది, గొంతు తెలుసు గదా.

బయట సంజీవరావు కాసేపటికి కనుబొమ్మలు ముడిచాడు.

"తిమోతీ, నోరు తెరవొద్దన్నానా?"

తిమోతి పంపు ఆపకుండానే తల అడ్డంగా ఊపాడు. సంజీవరావు దగ్గరికొచ్చి అతని గుడ్డ వైపు పరీక్షగా చూశాడు. గుడ్డ కదలడం లేదు. లోపల "పన్నెండు" అని దరియావలి గొంతు. ఆ వెంటనే "పన్నెండు" అని ఇంకో గొంతు.

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవురూ లేరు సార్," అన్నాడు పోలేరయ్య. ఆయన భార్య పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకొని నాలుగడుగులు వెనక్కి పోయింది.

పద్దెనిమిది. పందొమ్మిది. రెండు గొంతులూ ఒకదాని వెనక ఒకటి, అలసట లేకుండా. తిమోతి చేతుల కింద పంపు ఉన్నట్టుండి బిగుసుకుంది. లోపల మీట కట్టేశాడన్నమాట, పని అయిపోయింది. అలవాటుగా పంపు వదిలి నిలబడ్డాడు.

"ఇరవై," అన్నది లోపల ఒక్క గొంతే. సాగదీసి అన్న ఆ గొంతు దరియావలిది కాదు.

ఆ తర్వాత సముద్రం హోరు వినబడింది. అది అంతకుముందూ ఉన్నదే.

"వలీ అన్నా," అని పిలిచాడు తిమోతి గుడ్డ లాగేసి. "అన్నా! లాభం అను. నేను ఒప్పుకుంటా. అనన్నా!"

సంజీవరావే ముందు లోపలికి పోయాడు. చిమ్ముడుగొట్టం గోడకు జాగ్రత్తగా ఆనించి ఉంది. దరియావలి బల్ల చివర కూర్చొని ఉన్నాడు. తల పక్కకు వాలి ఉంది, ఎవరి భుజం మీదో ఆనించుకున్నట్టు, కానీ అక్కడ గోడ కూడా లేదు. చేతులు ఒళ్లో తెరుచుకొని ఉన్నాయి. అవి వణకడం లేదు. మూతిగుడ్డ కదలడం లేదు.

పైముడి, కిందిముడి రెండూ బిగుతుగా ఉన్నాయి. సంజీవరావు విప్పలేక చాలాసేపు అవస్థపడ్డాడు. గుడ్డ కింద మొహం మీద చెమట లేదు. "ముడి అట్లాగే ఉందయ్యా," అన్నాడు ఎవరితోనో. మళ్లీ అదే మాట అన్నాడు. తర్వాత బయటికొచ్చి సైకిలు పట్టుకొని నిలబడ్డాడు, ఎక్కలేదు.

పోలేరయ్య తెరచాప గుడ్డ తెచ్చాడు. నలుగురు మనుషులు ఎత్తి ఎద్దుబండిలో పడుకోబెట్టారు. ఇందుకూరుపేట పోయేసరికి పొద్దు గూకుతుంది. సుల్తాన్‌బీకి చెప్పడానికి తాను పోతానని సంజీవరావే సైకిలు మీద ముందు బయల్దేరాడు. తిమోతి బండి వెంట నడవబోయి, పంపు గొట్టం లోపలుందని వెనక్కి వచ్చాడు.

అప్పటికి మందు ఆరింది. గోడలన్నీ ఎక్కడా గీతలేకుండా తెల్లగా ఉన్నాయి, బల్ల కూడా. తిమోతి చిమ్ముడుగొట్టం తీసుకొని వెళ్లబోతూ ఆగాడు. బల్ల చివర దరియావలి కూర్చున్నచోట తెలుపు అక్కడక్కడా చెరిగి, ఆయన నిక్కరుకు అంటుకొని పోయింది. దాని పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరలో, మనిషి కూర్చునే పాటి వెడల్పున బల్ల నల్లగా, మందు చుక్క పడకుండా పొడిగా ఉంది.